ఎవరి తూటా ఎవరి రైఫిల్లో

"హకిల్‌బెర్రీ పై ఉందా?" అని అడిగాడు డెల్మార్ క్విస్ట్.

"నిన్నటిది ఉంది. వేడి చేసి తెమ్మంటావా?" అంది వెయిట్రెస్.

ఆ పండ్ల రొట్టె అడగడమే కోడ్. దానికి జవాబు అక్షరాలా అదే. డెల్మార్ గొంతు తగ్గించి, "చీఫ్‌ ఎక్కడ?" అన్నాడు.

"చీఫా? ఇక్కడ వంటమనిషే ఉన్నాడు," అని ఆమె బల్ల తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

పక్క బల్ల దగ్గర చర్చి లాటరీ టికెట్లు అమ్ముతున్న ముసలావిడ దగ్గింది. "ఆ పిల్లను వదిలెయ్యవయ్యా. ఈ హోటల్లో పై ఎప్పుడూ నిన్నటిదే."

విగ్గు కింద మిసెస్ ఆస్ట్రాండర్. డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆవిడ వేషం వేస్తే కన్నకొడుకు కూడా టికెట్ కొనుక్కుని వెళ్ళిపోవాల్సిందే.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. "డాక్టర్ లుబోష్. శత్రుదేశం మిస్సైల్ ప్లాన్లతో మన వైపు వచ్చేసిన మనిషి. ఈ ఆదివారం ఇక్కడ మోంటానాలో జరిగే లాంగ్ రేంజ్ రైఫిల్ పోటీ చూసి తీరతానని మొండికేశాడు. గ్రే హెరాన్ ముఠా ఆయన్ను అక్కడే లేపేస్తుంది."

"అంతమంది మధ్యలోనా?"

"అంతమందీ రైఫిళ్ళు పేలుస్తుంటే ఇంకొక్క గుండు శబ్దం ఎవరికి వినిపిస్తుంది? కాల్చేది ఎవరో కనిపెట్టు. నీకు తోడుగా రాయిస్ హేవర్టీ ఉన్నాడు, ఇరేనా ఉంది."

ఇరేనా వాల్చెక్ ఒకప్పుడు గ్రే హెరాన్ మనిషి. ఇప్పుడు మన మనిషి. అంతకుముందు, వియన్నాలో ఒక చలికాలమంతా, డెల్మార్ మనిషి. ఈ మూడోది ఫైల్లో లేదు. తనకు మాత్రమే తెలిసిన రహస్యమని డెల్మార్ అనుకుంటున్నాడు గానీ, అది తెలియని వాడు డిపార్ట్‌మెంటులో రాయిస్ ఒక్కడే.

రాయిస్ అందగాడు. పోటీల్లో కప్పులు గెలుస్తాడు. వాడు నవ్వితే మోంటానాలో మంచు కరుగుతుందని ఇరేనా అంది. అది విన్న రోజు నుంచీ డెల్మార్‌కు చలి వేస్తూనే ఉంది.

ముగ్గురూ పోటీదారుల వేషంలో ఊరి చివర ఇల్లు అద్దెకు తీసుకున్నారు. గరాజులో డెల్మార్ బల్ల వేసుకున్నాడు. ఈ పోటీల్లో తలెత్తుకు తిరగాలంటే కొన్న తూటాలు పనికిరావు. ఇత్తడి కేసులో మందు తూచి పోసుకుని, పైన గుండు కూర్చుకుని, ఎవరి తూటా వాళ్ళు తయారు చేసుకోవాలి. బయటి భోజనం ఎంత బాగున్నా ఇంటి పచ్చడితో సమానమవుతుందా?

ఆ పచ్చడే ఈ పూట చెడిపోయింది.

పోటీకి ముందురోజు ప్రాక్టీసులో మొదటి తూటా పేల్చగానే డెల్మార్ రైఫిల్లో తూటాను నెట్టి మూసే బోల్టు బిగుసుకుపోయింది. అరచేత్తో కొడితే గానీ లేవలేదు. బయటికి వచ్చిన కేసు అడుగున మెరుస్తూ గీత. లోపల ఒత్తిడి మితిమీరిందని దాని అర్థం.

పక్క చాప మీద బోర్లా పడుకుని గురిచూస్తున్న రాయిస్ తల తిప్పాడు. "ఏం గురూ, సుత్తి తెమ్మంటావా?"

ఇరేనా నవ్వింది. పెద్ద జోకేం కాదు. అయినా రాయిస్ భుజం పట్టుకుని మరీ నవ్వింది.

"వాడే ఏదో చేశాడు," అనుకున్నాడు డెల్మార్. అనుకోగానే మనసు కాస్త తేలికపడింది.

గరాజుకు వచ్చి తలుపు వేసుకున్నాడు. పులుసు చెడిందని ఉప్పూ, కారం, పులుపూ ఒకేసారి మార్చేస్తే ఏది చెడగొట్టిందో ఈ జన్మలో తెలియదు. తూటాకూ అదే న్యాయం, ఒక్కొక్కటే చూడాలి. మందు మళ్ళీ తూచాడు, సరిపోయింది. మందుకు నిప్పు రాజేసే ప్రైమర్లు పాత డబ్బాలోవే. కేసుల్లో పగుళ్ళు లేవు. చివరికి కాలిపర్ తీసి తూటా పొడవు కొలిచాడు.

పొడవు పెరిగింది. గుండు కేసులోకి దిగాల్సినంత దిగలేదు. మూతి బయటికి పొడుచుకొచ్చి, బ్యారెల్ లోపల మెలికలుగా చెక్కిన గాళ్ళకు ఆనుకుంటోంది. ఒత్తిడి పెరగక ఏమవుతుంది?

గుండును కూర్చే అచ్చు, అంటే డై మీద, గుండు ఎంత లోతు దిగాలో నిర్ణయించే మర తిప్పి ఉంది. అతను తిప్పలేదు. చెడగొట్టడానికి తిప్పినట్టూ లేదు. తిప్పిన చోట కదలకుండా బిగించి ఉంది. అంటే ఎవరో ఈ బల్ల మీద తమ రైఫిల్‌కు తగ్గట్టు తూటాలు చేసుకుని, డైని మళ్ళీ వెనక్కి తిప్పడం మరిచిపోయారు. వేరొకరి వంటింట్లో దొంగతనంగా వండినవాళ్ళు స్టవ్ కట్టేస్తారు గానీ ఉప్పుడబ్బా ఎక్కడ పెట్టాలో వాళ్ళకు తెలియదు.

దొంగచాటు వంట ఎందుకు? అడిగితే డెల్మార్ కాదనేవాడా? ఆ తూటాలు పోటీకి కాదు కాబట్టి.

మందు పోయకుండా అదే పొడవున ఉత్త తూటా ఒకటి చేశాడు. రాయిస్ స్నానానికి వెళ్ళినప్పుడు వాడి రైఫిల్లో పెట్టి చూశాడు. పట్టాలని మనసారా కోరుకున్నాడు. పట్టలేదు. రాయిస్‌ది కొత్త బ్యారెల్. గుండు ముందే గాళ్ళకు తగిలి ఇరుక్కుంది, బోల్టు సగంలో ఆగిపోయింది. రాడ్ పెట్టి గుండును జాగ్రత్తగా వెనక్కి తోసేశాడు.

సహోద్యోగి దేశద్రోహి కాదని తేలినందుకు ఇంత దిగులుపడిన ఏజెంటు డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఉండడు.

ఇక మిగిలింది ఇరేనా రైఫిల్. పాత బ్యారెల్, పేల్చి పేల్చి లోపలి గాళ్ళ మొదలు అరిగిపోయింది. ఆ పొడుగు తూటా తన సొంతింట్లోకి వెళ్ళినట్టు వెళ్ళి కూర్చుంది.

తెల్లవారి పోటీ మైదానంలో చీఫ్‌కు చెప్పాడు. ఆవిడ టికెట్ల కట్ట సర్దుతూ అతని వంక అదోలా చూసింది. "ఆ అమ్మాయి రాయిస్‌తో తిరుగుతోందని ఈ మాట అంటున్నావా?"

"అసూయ నాకుంది మేడమ్. కాలిపర్‌కు లేదు."

"డై తిప్పినందుకు అరెస్ట్ చేస్తే జడ్జి నన్ను తిప్పుతాడు. ఆమె గురిపెట్టడం నా కళ్ళతో చూడాలి. కానీ ఆ రైఫిల్ మాత్రం ఆమె చేతికి రాకుండా చూస్తాను."

చీఫ్ అన్నంత పనీ చేసింది. ట్రిగ్గర్ తనిఖీ పేరుతో అధికారులు ఇరేనా రైఫిల్‌ను పట్టుకుపోయారు. డాక్టర్ లుబోష్ మాత్రం ఎవరు వద్దన్నా వినకుండా గుట్ట మీది గ్యాలరీలో, ఎర్ర టోపీతో, వేయించిన వేరుశనగలు నములుతూ కూర్చున్నాడు.

కాల్పులు మొదలయ్యాయి. ఇరేనా మాత్రం గాభరాపడలేదు. రాయిస్ వైపు తిరిగి, "రాయిస్ బంగారం, నీ రైఫిల్ ఒక్కసారి ఇవ్వవూ?" అంది.

రాయిస్ ఇచ్చాడు. కిడ్నీ అడిగినా ఇచ్చేవాడే.

చెవిలో దాచిన రేడియోలో చీఫ్ గొంతు. "డెల్మార్! ఆమె దగ్గర రైఫిల్ ఉంది. మనవాళ్ళను పంపనా?"

"ఆగండి మేడమ్. ఆమె తూటాలు అందులో పట్టవు."

సరిగ్గా అప్పుడే రాయిస్ తన తూటాల పెట్టె ఆమె ముందు పెట్టాడు. "ఇవి వాడుకో బంగారం. నా చేత్తో చేసినవి."

అవి ఆ రైఫిల్‌కు అతికినట్టు సరిపోతాయి. పేలితే ఎర్ర టోపీ ఎగురుతుంది. డెల్మార్ ఎగిరి దూకడానికి మోకాలు మడిచాడు.

ఇరేనా పెట్టె వంక చూసింది. ఒక తూటా తీసి, వేళ్ళ మధ్య తిప్పి, మళ్ళీ లోపల పెట్టేసింది.

"వద్దులే. ఒకరు చేసిన తూటా ఇంకొకరు పేల్చకూడదట. వియన్నాలో డెల్మార్ చెప్పేవాడు."

రాయిస్ మొహం మాడిపోయింది. "వియన్నాలో... డెల్మారా?"

ఎన్నాళ్ళకో డెల్మార్‌కు వెచ్చగా అనిపించింది. చెప్పింది గుర్తుపెట్టుకుంది! సగమే గుర్తుపెట్టుకుంది. తూటా ఎవరు చేశారన్నది కాదు, ఏ రైఫిల్ కోసం చేశారన్నదే అసలు సంగతి.

ఇరేనా జేబులోంచి తన పొడుగు తూటా తీసి పెట్టింది. రైఫిల్ మూతి మెల్లగా పక్కకు జరిగింది. టార్గెట్ దాటింది. గుట్ట ఎక్కింది. ఎర్ర టోపీ మీద ఆగింది. ఇరేనా బోల్టు ముందుకు తోసింది.

అది సగంలో ఆగింది.

అరచేత్తో గుద్దింది. కదల్లేదు. పళ్ళు బిగించి వెనక్కి లాగింది. ఇత్తడి కేసు ఒక్కటే చేతికొచ్చింది. గుండు బ్యారెల్లోనే ఇరుక్కుంది. మందంతా ఆవాల పొట్లం చిరిగినట్టు రైఫిల్ లోపలా, ట్రిగ్గర్ సందుల్లో, ఆమె చేతుల మీదా జలజలా రాలింది.

"కదలొద్దు," అన్నాడు డెల్మార్. "తూటా పొడుగైంది ఇరేనా."

ఆమె అతని మొహంలోకి చూసింది. "నీకెప్పుడు తెలిసింది?"

"నా బోల్టు బిగుసుకున్నప్పుడు. డై వెనక్కి తిప్పి ఉంటే ఈపాటికి నువ్వు వియన్నా విమానంలో ఉండేదానివి."

"నువ్వూ వస్తావేమో అడుగుదామనుకున్నాను," అంది ఇరేనా. అబద్ధమే. అయినా వినడానికి బాగుంది.

గుట్ట మీద డాక్టర్ లుబోష్‌కు ఏమీ తెలియదు. పోటీ చప్పగా ఉందని వేరుశనగ తొక్కలు విసిరేస్తున్నాడు. రాయిస్ చాప మీద కూలబడి, "కొత్త బ్యారెల్ గురూ, నా కొత్త బ్యారెల్!" అని ఏడుస్తున్నాడు. డెల్మార్ వాడి పక్కన కూర్చుని వీపు నిమిరాడు. కారణం ఏదైనా, వాడు ఏడవడం అతనికి నచ్చింది.

బేడీలు వేసి ఇరేనాను జీపు ఎక్కించారు. ఆమెకు కాపలాగా కుర్ర డెప్యూటీ ఎక్కాడు. బుగ్గన సొట్ట. వాడు ఏదో అన్నాడు, ఇరేనా వాడి భుజానికి తల ఆన్చి నవ్వింది.

"శభాష్ డెల్మార్," అంది మిసెస్ ఆస్ట్రాండర్. "నీకో నెల సెలవు. ఎక్కడికి వెళ్తావ్?"

"జీపులో ఇంకొక మనిషికి చోటుంటుందా మేడమ్?" అన్నాడు డెల్మార్.