బ్యాకప్ స్విచ్

నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్ రవికుమార్ పట్టపగలు, కాలేజీ పార్కింగ్ లాట్‌లో, కారు స్టీరింగ్ మీద తల ఆనించి చనిపోయాడు. హీటర్ తిరుగుతూనే ఉంది. కప్‌హోల్డర్‌లో కాఫీ ఇంకా పొగలు కక్కుతోంది. చూసినవాళ్ళు గుండెపోటన్నారు. చెవి వెనక సూదిమొనంత ఎర్రటి చుక్కని గమనించినవాళ్ళు మాత్రం ఏమీ అనలేదు. వాళ్ళు గూఢచారి ఏజెన్సీ మనుషులు.

అది 2010 జనవరి. ఆ వారంలోనే ఏజెంట్ వీరభద్రానికి కబురొచ్చింది.

హెర్న్‌డన్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ షాపు పైఅంతస్తులో, ట్యాక్స్ కన్సల్టెన్సీ బోర్డు వెనక ఉంది రాధారాణి ఆఫీసు. ఆమె అతని చీఫ్. ముందుమాటలంటే ఆమెకి గిట్టదు.

"రవికుమార్ మనకి ఇన్‌ఫార్మర్, భద్రం. తన స్టూడెంట్స్‌లో ఒకరు ఫారిన్ స్పై రింగ్‌కి పనిచేస్తున్నారని చెప్పాడు. పేరు చెప్పేలోపే చంపేశారు."

"టార్గెట్?"

"కొత్త 911 ఎమర్జెన్సీ కాల్ సెంటర్. ఏప్రిల్‌లో ఓపెనింగ్. అక్కడ నెట్‌వర్క్ సెటప్ చేసేది రవికుమార్ కాలేజీ ఫైనల్ సెమిస్టర్ పిల్లలే. అదే వాళ్ళ ప్రాజెక్ట్. అంబులెన్స్, పోలీస్, ఫైర్ అన్నీ ఆ లైన్ల మీదే నడుస్తాయి. రింగ్ ఆ లైన్లు చచ్చిపోయేలా చేసి, అదే టైమ్‌లో ఇంకేదో చేయబోతోంది. ఆ ఇంకేదో ఏమిటో మనకి తెలీదు."

"నా కవర్?"

"నోవైలో కార్ల కంపెనీ ఉద్యోగం పోగొట్టుకున్న టెక్నీషియన్. మళ్ళీ చదువుకోడానికొచ్చావు. కంప్యూటర్ అండ్ ఇన్‌ఫర్మేషన్ టెక్నాలజీలో అసోసియేట్ డిగ్రీ, రెండేళ్ళ కోర్సు. మొదటి మూడు సెమిస్టర్ల ట్రాన్‌స్క్రిప్ట్ మనవాళ్ళు తయారుచేశారు. చివరిది నువ్వే చదివి పాసవ్వాలి."

పేరు మాత్రం మార్చలేదు. అంత పాతకాలపు పేరుని దొంగపేరుగా ఎవరూ పెట్టుకోరని ఆమె నమ్మకం.

"రింగ్ లోపల మన మనిషి ఒకరున్నారు. వాళ్ళే నిన్ను కలుస్తారు. 'ఇక్కడ మామిడికాయలకి పులుపే లేదు' అంటారు. 'ఉప్పు ఎక్కువ వేయండి' అను." రాధారాణి ఒక ఫైలు తెరిచింది. "భాస్కర్ పోయాక నీ మనసుకి ఏదీ తగలడం లేదని డాక్టర్ రిపోర్ట్ రాశాడు. నిజమేనా?"

భాస్కర్ అతని పార్ట్‌నర్. ఇర్వింగ్‌లో, హైవే మీద, ఇతను డ్రైవ్ చేస్తున్న కారులో పక్క సీట్లోనే ప్రాణం వదిలాడు. అది జరిగి ఆరు నెలలైంది. అప్పట్నుంచి వీరభద్రం తింటున్నాడు, రుచి తెలీడంలేదు. పడుకుంటున్నాడు, నిద్ర పట్టిందో లేదో తెలీడంలేదు. ఏడుపైనా రాలేదు.

"నిజమే మేడమ్."

"సరే. ఈ పనికి అలాంటివాడే నయం."

జుట్టుకి తెల్లరంగు, దళసరి కళ్ళద్దాలు, ఫ్లీస్ జాకెట్. క్లాసులో ఆఖరి బెంచీ. చుట్టూ ఉద్యోగాలూడినవాళ్ళు, హైస్కూల్ దాటిన పిల్లలు, వీసా కోసం చేరినవాళ్ళు. రవికుమార్ స్థానంలో విద్య అనే కొత్త ప్రొఫెసర్ వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగువాళ్ళు కనిపిస్తే ముచ్చటపడి తెలుగులోనే మాట్లాడుతుంది.

"వీరభద్రం గారు, మీ సబ్‌నెట్ లెక్క రాంగ్ ఉంది. మళ్ళీ చెయ్యి," అంది మొదటివారమే. "చెయ్యండి. సారీ."

అతను మళ్ళీ చేశాడు. మర్నాడూ చేశాడు. చిత్రంగా ఆ చదువు అతనికి పడింది. డేటా ప్యాకెట్ పంపితే చేరుతుంది, లేకపోతే చేరదు. చేరకపోతే ఎక్కడ ఆగిందో వెతికి పట్టుకోవచ్చు. దానికోసం మనిషికి ఏమీ అనిపించనక్కర్లేదు. ల్యాబ్ తలుపు తీయకముందే వెళ్ళి కారిడార్‌లో నిలబడడం అలవాటైంది.

ల్యాబ్ పార్ట్‌నర్‌గా వచ్చింది రేష్మ. హైదరాబాద్ నుంచి చదువుకోడానికి వచ్చానంటుంది. ఎర్రటి ఉన్నికోటు, కాటుక తీర్చిన కళ్ళు, నడిచి వెళ్తే కేఫెటీరియాలో ఫోర్కులు ఆగిపోతాయి. ఒకరోజు లంచ్‌లో డబ్బా తెరిచి, తలెత్తకుండా అంది:

"ఇక్కడ మామిడికాయలకి పులుపే లేదు భద్రం గారూ."

"ఉప్పు ఎక్కువ వేయండి."

ఆమె నవ్వి, బల్లకింద అతని చేతిమీద చెయ్యి వేసింది. "థ్యాంక్ గాడ్. ఎంత భయమేసిందో తెల్సా, ఒక్కదాన్నే ఉండి."

ఆ చెయ్యి వెచ్చగా ఉందని అతనికి తెలిసింది. అంతే తెలిసింది.

వారం వారం ఆమె సమాచారం ఇచ్చింది. రింగ్ ఆ సెంటర్‌లో ఒక స్విచ్‌లోకి, అంటే కాల్స్‌కి దారి చూపే పెట్టెలోకి, విషపు సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతోంది. కాల్స్ ఆ స్విచ్ మీదికి రాగానే అది అన్నిటినీ మింగేస్తుంది. అయితే ఏ స్విచ్ అన్నది చివరిరోజు దాకా తనకీ చెప్పరట. రవికుమార్‌ని ఎవరు చంపారని అడిగితే కన్నీళ్ళు పెట్టుకుంది. కన్నీళ్ళు చాలా త్వరగా వచ్చాయనిపించింది వీరభద్రానికి. తనకి రానివి ఎవరికొచ్చినా అలాగే అనిపిస్తుందేమో అనుకుని ఊరుకున్నాడు.

ఏప్రిల్‌లో ఓపెనింగ్ రోజు. మధ్యాహ్నం పన్నెండుకి ప్రాంతంలోని 911 కాల్స్ అన్నీ కొత్త సెంటర్‌కి మారతాయి. ముందు హాల్లో విద్య, మిగతా విద్యార్థులు, అధికారులు గోడగడియారం కేసి చూస్తున్నారు. వెనక సర్వర్ రూమ్‌లో ఇద్దరే. మెయిన్ స్విచ్ ఉన్న బీరువాలాంటి రాక్ వీరభద్రం వేలిముద్రకి తెరుచుకుంటుంది. బ్యాకప్ స్విచ్ ఉన్న రాక్ రేష్మది.

పన్నెండుకి ఇంకా కాస్త టైముంది. రేష్మ ఫోన్ చూసుకుని, మొహం పాలిపోయి అతని దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"తెలిసింది! మెయిన్ స్విచ్! విషం దాంట్లోనే ఉంది. పవర్ తీసెయ్యండి. బ్యాకప్ ఎలాగూ టేకోవర్ చేస్తుంది. ప్లీజ్, టైమ్ లేదు."

అతను వేలు ఆనించాడు. తలుపు తెరుచుకుంది. పవర్ కేబుల్ మీద చెయ్యి పడింది.

అక్కడే ఆగాడు. ఏదైనా ఊడదీసేముందు ఒకసారి చూడడం మూడు నెలల చదువు నేర్పిన పని. లాప్‌టాప్ తగిలించి, మెయిన్ స్విచ్‌లో ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోందో అడిగాడు. స్క్రీన్ మీద జవాబొచ్చింది. ల్యాబ్‌లో తన చేత్తో ఎక్కించిందే. శుభ్రంగా ఉంది. అదే ప్రశ్న నెట్‌వర్క్ మీదుగా బ్యాకప్‌ని అడిగాడు. అక్కడ నడుస్తున్నది అతనెప్పుడూ చూడని సాఫ్ట్‌వేర్.

విషం బ్యాకప్‌లో ఉంది. మెయిన్‌ని తను చేతులారా ఆపేస్తే, కాల్స్ అన్నీ వాటంతట అవే వెళ్ళి దాని నోట్లో పడతాయి.

"ఏం చూస్తున్నారు? తియ్యండి!"

"రవికుమార్ ఇదే కనిపెట్టాడా రేష్మా? నువ్వు మా మనిషివి కావని?"

ఆమె మొహంలోంచి భయం లైట్ ఆర్పినట్టు పోయింది. మెడలో తాడుకి వేలాడే యూఎస్‌బీ డ్రైవ్ మూత తీసింది. లోపల సన్నటి సూది. మెరుపులా అతని మెడకేసి పొడిచింది. అతను లాప్‌టాప్ అడ్డం పెట్టాడు. సూది కీబోర్డ్‌లో దిగి విరిగింది. ఆమె మోకాలు అతని కడుపులో దిగింది. నొప్పి ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరికో అయినట్టు తెలిసింది. అదే పనికొచ్చింది. వంగిపోలేదు. ఆమె మణికట్టు మెలితిప్పి, చేతికందిన నెట్‌వర్క్ కేబుల్‌తో రెండు చేతులూ రాక్‌కి కట్టేశాడు.

"రెండేళ్ళు మీ చీఫ్‌ని ఆడించాను," అందామె రొప్పుతూ. "నీకు కోపం కూడా రాదా?"

"రావడం లేదు," అన్నాడు నిజాయితీగా.

హాల్లో కౌంట్‌డౌన్ మొదలైంది. పది, తొమ్మిది... కాల్స్ మొదలయ్యాక మెయిన్ ఒక్క క్షణం తడబడినా అవి బ్యాకప్‌లోకి పోతాయి. అతను రెండో రాక్ తలుపు చూశాడు. దానికి ఆమె వేలిముద్ర కావాలి. ఆమె పిడికిలి బిగించేసింది. విప్పడానికి వ్యవధి లేదు. కిందికి వంగి, రెండు స్విచ్‌లనీ కలిపే కేబుల్స్ వెతికాడు. ఆరు, ఐదు... గుత్తి దొరికింది. మూడు, రెండు... కట్టర్‌తో ఒక్క కోత.

హాల్లో చప్పట్లు. వెంటనే మొదటి కాల్ మోగింది. ఎవరో ముసలాయన మెట్ల మీద జారిపడ్డాడట. అంబులెన్స్ బయల్దేరింది.

రేష్మ ఫోన్ మీద మెసేజ్ వెలిగింది: 'లైన్లు పోయాయా?' వీరభద్రం 'ఆగండి' అని టైప్ చేసి, నంబర్ రాధారాణికి పంపాడు. విమానాశ్రయం ఇంధన ట్యాంకుల పక్కన, రిపేర్ వ్యాన్‌లో పేలుడు పదార్థాలతో కాచుకుని ఉన్న నలుగురూ ఆ నంబర్ జాడ పట్టిన రాధారాణి మనుషులకి దొరికిపోయారు. లైన్లు చచ్చిపోవడమే వాళ్ళకి సిగ్నల్. ఆ మంటలు లేచి ఉంటే, ఎంతమంది ఫోన్ చేసినా ఏ ఫైర్ ఇంజనూ కదిలేది కాదు.

సాయంత్రం రాధారాణి ఫోన్ చేసింది. "రేష్మని రింగ్‌లోకి పంపింది నేనే భద్రం. రవికుమార్ విషయంలో తప్పు నాది."

"ఇంటికెళ్ళి పడుకోండి మేడమ్," అన్నాడు.

వారం తర్వాత ప్రొఫెసర్ విద్య పిలిపించింది. జరిగింది పైకి పొక్కకుండా ఏజెన్సీ చూసుకుంది. ఆమెకి ఏమీ తెలీదు.

"వీరభద్రం గారు, టెస్ట్స్ అన్నీ బాగా చేశారు. కానీ ప్రాజెక్ట్ ఫెయిల్."

"ఫెయిలా?"

"బ్యాకప్ పని చెయ్యలేదు. కేబుల్స్ ఎవరో కట్ చేశారు! మీ పార్ట్‌నర్ కూడా లేదు. రూల్ ఈజ్ రూల్. సమ్మర్‌లో మళ్ళీ చెయ్యాలి, ఓకే?"

అతను బయటికొచ్చాడు. చెవులు వేడెక్కాయి. గుండె దడదడలాడుతోంది. విషమేమోనని మెడ తడుముకున్నాడు. సూదిగాటు లేదు. కాసేపటికిగానీ అర్థం కాలేదు, అది కోపమని. మంచి నిఖార్సైన కోపం. పక్కన భాస్కర్ ఉంటే పగలబడి నవ్వేవాడనిపించింది. ఆ ఆలోచన రాగానే కళ్ళు చెమర్చాయి. కారిడార్ గోడకి ఆనుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఫోన్ మోగింది. రాధారాణి.

"భద్రం, జూన్‌లో ఒక మిషన్ ఉంది. వియన్నా. ఫస్ట్ క్లాస్ టికెట్."

"కుదరదు మేడమ్," అన్నాడు వీరభద్రం. "నాకు సమ్మర్ క్లాసుంది."