ఇల్లు చంపలేదు

"ఆ ఇల్లు ఆవిడని చంపలేదండీ. అది రుజువు చెయ్యండి చాలు."

వచ్చినావిడ కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచీని ఒళ్ళో అదిమి పట్టుకుంది. డిటెక్టివ్ రెప్ప వెయ్యకుండా విన్నాడు. ఆ చూపు వల్లే అతనికి గుడ్లగూబ అని పేరొచ్చింది. ఆ పేరు వింటే అతనికి కోపం రాదు, అతని సెక్రటరీకి వస్తుంది.

"ఇంటి మీద ఎవరైనా కేసు పెట్టారా?" అంది సెక్రటరీ.

"పెట్టినట్టేనండీ."

నడివూళ్ళో పెద్ద ఆవరణ, మధ్యలో చెక్కమెట్ల పాత మేడ. బిల్డర్లు ఏళ్ళ తరబడి తిరిగినా పెద్దావిడ గేటు తియ్యలేదు. కూలగొట్టబోమని రాసిచ్చాకే ఈ భార్యాభర్తలకి అమ్మడానికి ఒప్పుకుంది. ఇంటి గుట్టుమట్లన్నీ తాళాలు చేతికిచ్చే రోజున నేర్పుతానంది. పోయినవారం మెట్లమీంచి పడి చచ్చిపోయింది. ఒక మెట్టు చెక్క ఊడి పక్కనే పడి ఉంది.

"ఇల్లు ప్రమాదకరం, పడగొట్టెయ్యాలని మునిసిపాలిటీ వాళ్ళంటున్నారు. వాళ్ళు ఆర్డరిస్తే మా షరతు కూడా చెల్లదు. మావారేమో పోనీలే, కొత్తది కట్టుకుందాం అంటున్నారు. నాకు ఆ ఇల్లే కావాలి."

"మీవారికి నచ్చలేదా?"

"చూస్తేగా. ఒక్కసారి వచ్చి ముందు హాల్లో ఫోను పట్టుకు కూర్చున్నారు. లోపలికి రమ్మంటే, నువ్వు చూశావుగా అన్నారు."

ఆ మేడ తలుపు తీసింది పెద్దావిడ తమ్ముడు. మెట్ల మధ్యలో పన్ను ఊడినట్టు ఒక ఖాళీ. డిటెక్టివ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"అది మా చిన్నప్పట్నుంచీ వదులేనండీ," అన్నాడు తమ్ముడు. "అక్క గౌన్లు తొడుక్కునే రోజుల్నుంచీ దాన్ని దాటే ఎక్కేది, దాటే దిగేది. నిద్రమత్తులో కూడా."

"మరి ఆ రోజు ఎందుకు తొక్కింది?"

తమ్ముడు వంగి ఆ ఖాళీలోకి చూశాడు.

"పోలీసులకి ఈ మాట చెప్పారా?"

"వాళ్ళు అడగలేదు. ముందు తలుపుకి లోపల గడియ ఉంటే నేనే బద్దలుకొట్టాను. పెరట్లోకి తెరుచుకునే వంటింటి తలుపు కూడా గడియేసి ఉందని రాసుకున్నారు."

సెక్రటరీ వెళ్ళి వంటింటి తలుపు నెట్టింది. కదల్లేదు. ఇంకోసారి బలంగా నెట్టింది. ఆమె గాజు చిట్లింది కానీ తలుపు చిన్న చప్పుడైనా చెయ్యలేదు.

"దానికి అసలు గడియే లేదమ్మా," అన్నాడు తమ్ముడు. "ఊడిపోయి ఏళ్ళయింది. వానలకి చెక్క ఉబ్బి బిగుసుకుంటుంది. పిడి పైకెత్తి, కింద మోకాలితో పొడవాలి. అక్కకీ నాకూ తప్ప దీని సంగతి ఎవరికీ తెలీదు."

గేటు దాటగానే సెక్రటరీ గొంతు తగ్గించింది. "తమ్ముడే సార్. ముందు తలుపుకి లోపల గడియుంది కాబట్టి చంపినవాడు వంటింటి తలుపులోంచే పోయుండాలి. ఆయనకి మెట్టు తెలుసు, తలుపు తెలుసు, ఆస్తీ ఆయనకే."

"హంతకుడైతే తలుపు తీసే కిటుకు నీకెందుకు చెప్తాడు? పోలీసులు గడియ ఉందనుకుంటే అలాగే అనుకోనిచ్చేవాడు."

మర్నాడు మధ్యాహ్నం అందరూ ఆ వంటింట్లోనే కూర్చున్నారు: తమ్ముడు, ఇల్లు కొనబోయిన భార్యాభర్తలు, బేరం కుదిర్చిన బ్రోకరు, మూలగా స్టేషన్ ఎస్సై. బయట వాన. డిటెక్టివ్ కిటికీలన్నీ మూయించాడు.

"ఆవిడ ఆ మెట్టు తొక్కలేదు," అన్నాడు. "పైనుంచి ఎవరో తోశారు. తర్వాత చెక్క ఊడబీకి తప్పు ఇంటి మీదకి నెట్టారు. నేరం ఇంటి మీద పడితే ఇల్లు కూలుతుంది, స్థలం మిగుల్తుంది." మెడ తుడుచుకున్నాడు. "ఉక్కపోస్తోంది. బ్రోకర్ గారూ, కాస్త ఆ తలుపు తియ్యండి."

బ్రోకరు చేత్తో నెట్టాడు, భుజంతో నెట్టాడు, చివరికి పొట్టతో కూడా నెట్టాడు. "ఇది తలుపా, గోడా సార్?"

భర్త విసుగ్గా లేచాడు. "తప్పుకోవయ్యా. తినడానికి తప్ప దేనికీ పనికిరావు."

పిడి పట్టుకుని పైకెత్తాడు. మోకాలితో కింద ఒక్క పోటు పొడిచాడు. తలుపు తెరుచుకుంది. తడిగాలి లోపలికొచ్చింది.

వెనక్కి తిరిగాడు. భార్య అతని మోకాలి వంకే చూస్తోంది.

"ముందు హాలు దాటని మనిషికి," అన్నాడు డిటెక్టివ్, "ఈ తలుపు భలే మాట వింటోందే."

"ఎవరికైనా తడుతుంది."

"బ్రోకరుకి తట్టలేదు. ఊళ్ళో సగం తలుపులు ఆయన తీసినవే. స్థలం ఇప్పిస్తానని బిల్డరుకి మాటిచ్చావా?"

"నాకు తెలీకుండానా?" అన్నాడు బ్రోకరు. ఆ గొంతులో నిజమైన బాధ ఉంది.

ఎస్సై లేచి నిలబడ్డాడు. భర్త, తెరిచి ఉన్న తలుపులోంచి ఆవరణ చివరిదాకా చూశాడు, కొలుస్తున్నట్టుగా.

"ఆవిడే నేర్పింది," అన్నాడు. "మా ఆవిడకి చెప్పకండి, ముందు నేను నేర్చుకుని తనని ఆశ్చర్యపెడతానన్నాను. మురిసిపోయింది. తలుపు చూపించింది, మెట్టు చూపించింది. పైకెళ్ళాక, ఇంకా బోలెడున్నాయి బాబూ అంటూ వెనక్కి తిరిగింది."

తమ్ముడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎస్సై భర్త చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దాటుతుండగా భార్య అడ్డం వచ్చింది.

"ఇంకేం నేర్పింది?"

"ఏంటి?"

"ఆవిడ. ఇంకా ఏమేం చెప్పింది?"

అతను నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు.

"పైగది కిటికీ గురించి ఏదో చెప్పింది," అన్నాడు. "పడగొట్టే కొంపకి అవన్నీ ఎందుకని వినలేదు."