వడపోతలో పోయిన చెల్లెలు

హైమావతి కోడ్‌లో ఆఖరి లైను టైపు చేసి, ఎదురుగా కూర్చున్న నూకరత్నం వైపు తిరిగింది.

"మీ చెల్లెలి పేరు చెప్పండి."

"నాకు చెల్లెలెక్కడిదమ్మా?" అంది నూకరత్నం తాపీగా.

ప్రయోగం ఫలించింది.

నూకరత్నం విశాఖ హార్బరు దగ్గర మెస్సు నడిపేది. మెదడువాపుతో జ్ఞాపకశక్తి దెబ్బతింటే, మిగిలిన జ్ఞాపకాలను డాక్టర్లు డేటాబేస్‌లో భద్రపరిచి, చెవి వెనక చిన్న యంత్రం అమర్చారు. కొత్త అనుభవాలూ అందులోకే చేరేవి. ఆమె ఏదైనా తలచుకోగానే యంత్రం ఒక క్వెరీ, అంటే వెతుకులాట ప్రశ్న, పంపి, కావలసినది తెచ్చిచ్చేది. డేటాబేస్ పట్టికలను "మనిషి", "సంఘటన" అనే ఆబ్జెక్టులుగా మార్చి ప్రోగ్రామర్ చేతికిచ్చే ఓఆర్ఎమ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మధ్యలో ఉండేది. అందులో ఫిల్టర్‌ను, అంటే వడపోత నియమాన్ని, ఒక్కసారి రాస్తే చాలు, ఆ తర్వాత వెళ్ళే ప్రతి క్వెరీకీ దానంతటదే అతుక్కుంటుంది. ఏదీ చెరిగిపోదు. అడిగినా కనబడదు, అంతే.

అమ్మ పోతే కబురు చెయ్యని చెల్లెలు పైడమ్మ ఇక గుర్తుకు రాకూడదని నూకరత్నమే పట్టుబట్టడంతో హైమావతి ఆ ఫిల్టర్ రాసింది.

కొన్నాళ్ళకి పైడమ్మ, అక్క యంత్రం సంగతి తెలుసుకుని, హైమావతి ల్యాబుకి వచ్చింది.

"క్షమాపణ అడుగుదామని మెస్సుకెళ్తే అక్క నన్ను పోల్చుకోలేదు. పేరడిగింది, కొసరి కొసరి వడ్డించింది. మర్నాడెళ్తే మళ్ళీ పేరడిగింది."

హైమావతి ఉలిక్కిపడింది. పైడమ్మ ఉన్న ప్రతి సంఘటననూ, నిన్నటిదాన్ని కూడా, ఫిల్టర్ దాచేస్తోంది. ఆమె ఆ సంగతి ఆలోచించనేలేదు.

"తీసెయ్యాలంటే ఆవిడే అడగాలమ్మా."

"తీయొద్దని చెప్పడానికే వచ్చాను. రోజూ కబుర్లు చెప్పుకుంటున్నాం. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ లేం."

ఆ వారమే నూకరత్నం వచ్చింది.

"మధ్యాహ్నం భోజనాలయ్యాక మనసు ఏటో తేలిగ్గా ఉంటంది. ఎందుకా అని వెతుక్కుంటే ఏమీ దొరకదు. యంత్రం పాడయిందా?"

హైమావతికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఒక మనిషిని దాచమన్నారు మీరు."

"ఎందుకు?"

"కోపంతో. ఫిల్టర్ తీస్తే ఆ కోపమూ తిరిగొస్తుంది."

నూకరత్నం చెవి వెనక యంత్రాన్ని తడుముకుంది. "రానీ. నాదేగా."

హైమావతి ఆ లైను తీసేసింది. నూకరత్నం కళ్ళు మూసుకుంది. ముందు అమ్మ గుర్తొచ్చినట్టుంది, చెంపలు తడిశాయి. ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి కాబోలు, నుదురు ముడిపడింది.

"నా ఎదురుగా కూర్చుని, రోజూ పరాయిదానిలా పేరు చెప్పిందా?"

"మీకు దగ్గరగా ఉండాలనే..."

"నువ్వు ఎనకేసుకు రాకు తల్లీ. రేపు భోజనానికి రానీ, దాని సంగతి చెప్తాను."

అమ్మ పోయిన కబురు మాట ఆమె ఎత్తనేలేదు.