కోవిల్‌పట్టిలో డ్రా

"గెలవకూడదు. ఓడకూడదు. డ్రా చెయ్యి," అన్నాడు చీఫ్ ఫోన్లో.

లక్ష్మణసామికి నీరసం వచ్చింది. ఏజెంటు పనిలో జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి, ఇప్పుడీ రిటైర్డ్ లెక్కల మాస్టరు వేషమొకటి. 1997 ఎండాకాలం, కోవిల్‌పట్టి చెస్ టోర్నమెంట్.

సాత్తూరులో ఏదో షెడ్డులో ఒక లారీ దాగుంది. అగ్గిపెట్టెల కట్టల కింద దొంగిలించిన రాకెట్ వాల్వులు. విదేశీ ముఠా సిగ్నల్ ఈ ఆటే. తెల్లపావులు గెలిస్తే లారీ వెంటనే తూత్తుకుడి రేవుకి పోతుంది. ఓడితే సరుకు మాయం. డ్రా అయితే రేపటిదాకా ఆగుతుంది. ఆలోగా పోలీసులు షెడ్లన్నీ గాలించేస్తారు.

తెల్లపావులు అతని ఎదుట కూర్చున్న బృందవి. ముఠాలో మన డబుల్ ఏజెంట్. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, మద్రాసు ఇంగ్లీషు. పుట్టింది మాత్రం లక్ష్మణసామి ఊరి పక్క తెలుగు పల్లెలోనే.

మొదటి ఎత్తులోనే ఎడమవైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్ళు తోసింది. ఒరాంగుటాన్ ఓపెనింగ్. ఎవరూ ఆడని ఆ ఎత్తుకి అర్థం, సరుకు సిద్ధం. ప్రేక్షకుల్లో ముఠా మనిషి ముత్తురాజ్ తల ఊపాడు.

ముందే అనుకున్నట్టు, ఆట సగంలో లక్ష్మణసామి మెల్లగా అడిగాడు. "డ్రా చేసుకుందామా పాపా?"

"వద్దు మామా. నాకు గెలవాల," అంది తలెత్తకుండా.

ముఠాకే అమ్ముడుపోయింది. చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన పిల్ల. అతనికి కోపం కూడా రాలేదు, ఒట్టి అలసట.

చూస్తుండగానే అతని పావులన్నీ పోయి రాజు ఒక్కడే మిగిలాడు. ఆమె మంత్రి ఒక్క ఎత్తు వేస్తే ఆట కట్టు. కానీ ఆమె టైము అయిపోవచ్చింది, గడియారంలో ఎర్రజెండా పడబోతోంది. అది పడినా ఒంటరి రాజుకి గెలుపివ్వరు. డ్రా అంటారు.

రాజును జరిపి, గడియారం నొక్కి, మోకాళ్ళు పట్టుకుని లేచాడు లక్ష్మణసామి.

వాళ్ళ ఇళ్ళలో మామ లేచి నిలబడితే ఆడపిల్ల కూర్చోదు. మంత్రి దాకా వెళ్ళిన బృంద చెయ్యి వెనక్కొచ్చింది. కొంగు సర్దుకుంటూ ఆమె లేచి నిలబడింది.

టక్కున జెండా పడింది.

"డ్రా," అన్నాడు ఆర్బిటర్ వేలాయుదం. ముత్తురాజ్ మొహం మాడ్చుకుని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి నడిచాడు.

తెల్లారేసరికి లారీ దొరికింది. జీపు ఎక్కిస్తుంటే బృంద అంది, "ఎందుకు లేచినానో నాకే తెలీదు మామా."

లక్ష్మణసామి జీపు తలుపు మూశాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తనని చూసి లేచి నిలబడింది ఒక్క మనిషి. ఆ మనిషినే అరెస్టు చేయాల్సి వచ్చింది.