శుక్రవారం మూడు గంటల హాజరు

ఉదయం తొమ్మిదీ ఇరవై. రేపల్లె ప్యాసింజర్ దిగిన హనుమంతరావు తెనాలి జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మారి, బాపట్ల బండి కోసం నిలబడ్డాడు. ఎదురుగా గూడ్సు దూసుకొస్తోంది. వెనకనుంచి రెండు చేతులు అతన్ని బలంగా తోశాయి.

"కాలు జారి పడిపోయాడు" అని రిపోర్టు రాశారు.

"కాలు జారిందా?" ఆ రిపోర్టును ప్రసన్నలక్ష్మి బల్ల మీదికి విసిరికొట్టింది. "పాతికేళ్ల సర్వీసున్న ఏజెంట్ సార్ ఆయన! నాకు ఈ పని నేర్పిన మనిషి. నాలుగు రోజులైంది. మీరేమో నిమ్మళంగా కాఫీ తాగుతున్నారు!"

తెనాలిలో ఒక విత్తనాల కొట్టు పైన ఉన్న గది అది. చీఫ్ రవిశంకర్ కప్పు కింద పెట్టాడు.

"హత్య అని రాస్తే ముఠా మాయమైపోతుంది. కూర్చో."

ఆమె కూర్చోలేదు. నిలబడే వింది.

"బాపట్ల దాటాక ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. హనుమంతరావు విద్యార్థి వేషంలో వారం వారం వెళ్తున్నది అక్కడికే. శుక్రవారం శుక్రవారం మూడింటికి కంప్యూటర్ సైన్స్ కొలోక్వియం. ఎవరో ఒకరు వచ్చి గంటసేపు మాట్లాడతారు. కూర్చున్నవాళ్లకి ఒక క్రెడిట్. మొదట రిజిస్టర్‌లో సంతకం, చివర్లో తెర మీది క్యూఆర్ కోడ్ స్కాన్. రెండూ ఉంటేనే హాజరు. ఈ వారం స్పీకర్ డాక్టర్ శ్రీకర్. విదేశీ ముఠా మనిషి. ఆ పేరూ, డాక్టరేటూ రెండూ దొంగవే. అతని కోడ్ స్కాన్ చేసిన మరుక్షణం ఫోన్లో ఉన్నదంతా వాళ్ల సర్వర్‌కి పోతుంది."

"పిల్లల ఫోన్లలో ఏముంటుంది?"

"సగం మంది తీరం పిల్లలు. నాన్నల పడవల ఐడీ కోడ్‌లు వాళ్ల ఫోన్లలోనే ఉన్నాయి. ఆ కోడ్ చూపిస్తే గస్తీవాళ్లు మన పడవే అనుకుని వదిలేస్తారు. రేపు ఆయుధాల పడవ వచ్చినా అంతే. పట్టుబడేది మాత్రం అసలు పడవ సొంతదారు."

ప్రసన్నలక్ష్మి పిడికిళ్లు బిగుసుకున్నాయి. ఆమె తండ్రి సింగరయ్య ముప్పై ఏళ్లుగా నిజాంపట్నం నుంచి వేటకు వెళుతున్నాడు.

రవిశంకర్ ఒక పవర్ బ్యాంక్ అందించాడు. "జామర్. స్కాన్ టైముకి హాల్లో సిగ్నల్ ఉండదు. శ్రీకర్ లాప్‌టాప్‌తో సహా దొరుకుతాడు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, కొలోక్వియం కోఆర్డినేటర్ బిందుమాధవి. జామర్ ఆమెకివ్వు, పోడియం కింద పెడుతుంది."

శుక్రవారం రెండూ నలభై ఐదు. నేత చీర, మందపాటి కళ్లద్దాలు, భుజాన గుడ్డ సంచి. ప్రసన్నలక్ష్మిది అమృతలూరు నుంచి పార్ట్‌టైం ఎం.టెక్.కి వచ్చే లెక్చరర్ వేషం. సెమినార్ హాలు గుమ్మంలో బిందుమాధవి నిలబడి ఉంది. నెమలికంఠం రంగు పట్టుచీర, చెవులకు ముత్యాలు. దారిన పోయేవాళ్లు ఒకసారి చూసి మళ్లీ చూస్తున్నారు.

"ఈ టాక్ సిలబస్‌లో ఉందాండీ?" ప్రసన్నలక్ష్మి కోడ్‌వర్డ్ అడిగింది.

"జీవితంలో ఉందండి." అదీ జవాబు.

జామర్ చేతులు మారింది. "హనుమంతరావు గారి సంగతి విన్నానండి. పాపం!" అంది బిందుమాధవి, కళ్లు తుడుచుకుంటూ.

ప్రసన్నలక్ష్మి మూడో వరుసలో కూర్చుంది. పక్క సీట్లో పద్మావతి అనే అమ్మాయి ఆవలిస్తోంది. వేదిక మీద శ్రీకర్ అందుకున్నాడు: "డేటా అంటే నమ్మకం..." నమ్మకమట! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

రిజిస్టర్ చేతులు మారుతూ మారుతూ ఆమె దగ్గరికొచ్చేసరికి మూడూ యాభై దాటింది. సంతకం చేసి, హనుమంతరావు చేతిరాత ఒకసారి చూసుకుందామని వెనక్కి తిప్పింది. రెండు వారాల కిందటి షీటులో ఆయన సంతకం ఉంది. పోయిన వారం షీటులో అసలు పేరే లేదు. అడుగున ప్రింటు తీసిన తేదీ చూసింది. గురువారం.

ఆయన చనిపోయింది శుక్రవారం పొద్దున.

మనిషి బతికుండగానే పేరు తీసేశారు. జాబితా తయారుచేసేది బిందుమాధవి.

ప్రసన్నలక్ష్మి పోడియం కింద చూసింది. ఏమీ లేదు. జామర్ బిందుమాధవి హ్యాండ్‌బ్యాగులోనే ఉండి ఉంటుంది. వెంటనే చీఫ్‌కి మెసేజ్ కొట్టింది: "బిందు మనది కాదు. జామర్ పోయింది."

జవాబు వచ్చింది: "టీమ్ గేటు దగ్గర. రెండు నిమిషాలు ఆపు."

తెర మీద అంకెలు కదులుతున్నాయి. కోడ్ రావడానికి ముప్పై సెకన్లు. నిద్రపోతున్నవాళ్లంతా లేచారు. రెండు వందల ఫోన్లు పైకి లేచాయి.

ఇరవై. తుపాకి తీస్తే తొక్కిసలాట. అరిచి నిజం చెబితే నమ్మేవాళ్లుండరు.

పది. ప్రసన్నలక్ష్మి రిజిస్టర్ పైకెత్తి గొంతు చించుకుని అరిచింది.

"స్కాన్ పనిచెయ్యట్లేదంట! రెండో సంతకం రిజిస్టర్‌లోనే! కింద మెట్ల దగ్గర! ఆలస్యమైతే క్రెడిట్ లేదంట!"

పద్మావతి ఇంకా కెమెరా పట్టుకునే ఉంది. ఆ ఫోన్ మీద ఒక్క దెబ్బ వేసి ప్రసన్నలక్ష్మి తలుపు వైపు పరుగెత్తింది. కుర్చీలు దొర్లాయి. రెండు వందల మంది ఆమె వెనకాల పడ్డారు. తెర మీద క్యూఆర్ కోడ్ వెలిగేసరికి ఎదురుగా ఖాళీ కుర్చీలు తప్ప ఏమీ లేవు.

రిజిస్టర్‌ను మెట్ల మీద గుంపులోకి విసిరేసి, ఆమె వరండాలోకి తిరిగింది. బిందుమాధవి బ్యాగులోంచి పిస్టల్ తీస్తోంది. ప్రసన్నలక్ష్మి ఆమె మణికట్టు పట్టి మెలితిప్పింది. పిస్టల్ కింద పడింది. రెండో చేత్తో చెంప ఛెళ్లుమనిపించింది.

"ఎవరే ఆయన్ని తోసింది?"

"శ్రీకర్ మనిషి. నేను... ఏ బండికొస్తాడో చెప్పానంతే!"

"అంతేనా?" ప్రసన్నలక్ష్మి పట్టు బిగించింది. "ఆ బండెక్కిన మనిషి కోసం గుమ్మంలో చూస్తూ ఆయన భార్య రంగమ్మ గారు ఇప్పటికీ రేపల్లెలో కూర్చునుంది. ఆవిడ ముందు నిలబడి అను, అంతేనని!"

బిందుమాధవి తల దించుకుంది. ప్రసన్నలక్ష్మి మళ్లీ ఎత్తిన చెయ్యి అతికష్టం మీద ఆగింది. కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాలని ఆమె కోరుకోనూ లేదు.

ప్రసన్నలక్ష్మి బిందుమాధవిని లాక్కొచ్చేసరికి హాల్లో టీమ్ శ్రీకర్‌ని లాప్‌టాప్‌తో సహా పట్టుకుంది. బేడీలు బయటికి తీస్తుండగా డిపార్ట్‌మెంట్ హెడ్ వెంకటకృష్ణయ్య గారు శాలువా, మెమెంటో పట్టుకుని కంగారుగా వచ్చారు.

"మేడమ్, బేడీలు వేసేముందు శాలువా కప్పి ఒక్క ఫొటో తీసుకుంటామండి. ఇన్‌స్పెక్షన్ ఫైల్లో పెట్టాలి."

ప్రసన్నలక్ష్మి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"తీసుకోండి సార్. కింద పేరు మాత్రం ఖాళీగా వదిలెయ్యండి. అసలు పేరేంటో మాక్కూడా ఇంకా తెలీదు."