ఎండల్లో చూసిన బావి

"చెప్పులతో బావిగట్టు ఎక్కీసారేటి?"

ఛాయ గొంతు వినగానే బావిలోకి వంగి ఉన్న అబ్బాయి ఉలిక్కిపడ్డాడు. చేతిలో టేపు జారి లోపలికి దిగిపోయింది. దాని చివర కట్టిన ఇనప గుండు నీళ్ళలో బుడుంగుమంది.

"అయ్యో, ఆ గుండు కూడా ముంచీసారా? అవి దేవుడి నీళ్ళండి."

"దేవుడివని బావి మీద రాయలేదండి."

"చదువుకున్నోళ్ళకి అన్నీ రాసే ఉండాల కాబోలు."

ఆ బావి నెహ్రూ నగర్‌లో మేనత్త కనకరత్నం పెరట్లోది. ఛాయ వాళ్ళుండేది ఉక్కు ప్లాంటు వాళ్ళ సెక్టర్ 6 క్వార్టర్లో. అక్కడ కుళాయి ఉంది. కానీ కుళాయి లోపల తోలు వాషరు ఉంటుందని, తోలు తగిలిన నీళ్ళు పూజకు పనికిరావని నాయనమ్మ జోగమ్మ పట్టుదల. అందుకే ప్రతి శుక్రవారం ఛాయ సైకిలు కారియర్‌కి ఇత్తడి బిందె కట్టుకుని ఇంత దూరం వస్తుంది. ఇప్పుడన్నీ రబ్బరు వాషర్లేనని తండ్రి గణపతిరావు చెప్పి చూశాడు. ఆయన మాట ప్లాంటులో చెల్లుతుంది గాని ఇంట్లో చెల్లదు.

ఆ అబ్బాయి శ్యామసుందర్. బొబ్బిలి నుంచి వచ్చి, కనకరత్నం ముందు గదిలో అద్దెకు దిగాడు. దుర్గ్‌లో ఒక సర్వే ఆఫీసులో ఉద్యోగం. రాయగఢ్ అవతల ఒక కంపెనీ బొగ్గు గని తవ్వాలనుకుంటోంది. తవ్వేముందు చుట్టుపక్కల ఊళ్ళలో బావుల నీటిమట్టం కొలిచి చెప్పాలి. కొత్త టేపు ఎలా ఉందో ఈ బావిలో చూసుకుంటున్నాడు.

ఇంతలో వాన అందుకుంది. ఇద్దరూ పరుగెత్తి వంటింటి చూరు కిందకి చేరారు. చూరు చిన్నది. భుజాలు తగలకుండా నిలబడడానికి ఇద్దరూ చాలా కష్టపడ్డారు.

"నీళ్ళు కొలవడానికి అంత చదువు కావాలా?" అంది ఛాయ.

"రెండుసార్లు కొలవాలండి. వానలప్పుడు ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి. ఎండల్లో చూసిందే అసలు బావి. వానల్లో ఏ బావయినా మంచిదే."

"మనుషుల్ని కూడా అలాగే చూడాలేమో."

"అయితే మీరు వేసవి దాకా వస్తూ ఉండాలి. మధ్యలో మానేస్తే సర్వే చెల్లదు."

"పాగల్," అని హిందీలో తిట్టి చున్నీ చాటున నవ్వుకుంది ఛాయ.

నాయనమ్మ పూజకి నీళ్ళు శుక్రవారమే కావాలి. చలికాలం వచ్చేసరికి మంగళవారం కూడా కావలసి వచ్చింది, ఛాయకి. "ఈ పిల్లకి భక్తి ముదిరిపోతంది," అని కనకరత్నం ముసిముసిగా నవ్వి, ఒకనాడు తమ్ముడి చెవిన వేసింది.

గణపతిరావు ఆలోచించి అక్కతో చెప్పాడు. "కుర్రోడు మంచోడే అప్పా. ఉద్యోగమే టెంపరరీ. పర్మినెంట్ అయిందనుకో, మరి మాటాడక్కర్లేదు. ముహూర్తం పెట్టీద్దాం."

వైశాఖంలో శ్యామసుందర్ రెండో సర్వేకి వెళ్ళి, కమిలిన మొహంతో తిరిగొచ్చాడు. ఆ రోజు అతను జోకులేమీ వెయ్యలేదు.

"ఒక ఊళ్ళో ఆడవాళ్ళు బావిలోకి దిగి గిన్నెలతో తోడుతున్నారు ఛాయా. అడుగున బురద. వాళ్ళ ముందు నా సీసా మూత తియ్యడానికి సిగ్గేసింది."

"ఇప్పుడేటవుద్ది మరి?"

"నేను చూసింది రాస్తే, గని వాళ్ళు అక్కడ బోర్లు వెయ్యకూడదు. నది నీళ్ళు తెచ్చుకోవాలి. ఊళ్ళకీ పైపులేసి కుళాయిలివ్వాలి."

"తోలు వాషర్లతోనా?"

అప్పటికి గాని అతను నవ్వలేదు. ఆ నవ్వు చూసి, ఈ మనిషి తప్ప ఇంకెవరూ వద్దని ఛాయ అనుకుంది.

జ్యేష్ఠం వచ్చినా వాన జాడ లేదు. శుక్రవారం జోగమ్మ కూడా వచ్చింది, ముహూర్తం కుదిరితే మనవరాలి మంగళస్నానానికి ఈ బావి నీళ్ళు సరిపోతాయో లేదో చూస్తానని. నడవాలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. పెరట్లో ఛాయ బావి తాడుకి ఇంకో తాడు ముడేస్తోంది.

శ్యామసుందర్ పేడా మిఠాయి డబ్బాతో వచ్చాడు. ఇప్పుడు చెప్పులు గేటు దగ్గరే విప్పేశాడు.

"పర్మినెంట్ చేశారు. సాయంత్రం మీ నాన్నగారి దగ్గరకి వస్తాను."

ఛాయ మొహం విచ్చుకుంది. "నిజంగానా? రిపోర్టు అంత నచ్చిందా వాళ్ళకి? మరి ఆ ఊరికి కుళాయిలెప్పుడు?"

అతను డబ్బాకి కట్టిన దారం విప్పసాగాడు.

"కుళాయిలు లేవు. వేసవిలో కూడా నీళ్ళున్నాయని రిపోర్టులో ఉంది కదా."

"ఎవరు రాసారు?"

"సార్ రాయమన్నారు. వానల్లో కొలిచిందే రెండు చోట్లా వేశాను. వెయ్యకపోతే నన్ను తీసేసి ఇంకొకడి చేత వేయిస్తారు. నీ కోసమే కదా ఛాయా."

తాడు మీద ఆమె చేతులు ఆగిపోయాయి. "నన్నడిగారా?"

"గని ఇంకా రాలేదు. పెళ్ళవనీ, తర్వాత నెమ్మదిగా సరిచేయిస్తాను."

"ఇప్పుడే వెళ్ళి చెప్పండి. ఉద్యోగం పోతే పోనీండి. నాన్నతో నేను మాటాడతాను."

శ్యామసుందర్ విప్పిన దారాన్ని మళ్ళీ డబ్బాకి చుట్టసాగాడు. ఛాయ చేద వదిలింది. ముడేసిన తాడంతా దిగాక, అడుగున రాయి తగిలిన చప్పుడు వచ్చింది. పైకి లాగితే సగం చేదే నీళ్ళు.

"వేసవి దాకా రమ్మన్నారు కదా," అంది ఛాయ. "వచ్చాను. చూసాను."

అతను డబ్బా గట్టు మీద పెట్టి, గేటు వైపు నడిచాడు.

తోలు తగిలితే దేవుడు పుచ్చుకోడంటుంది నాయనమ్మ. ఎవరి నోటి దగ్గరో తీసేసిన నీళ్ళతో పెళ్ళి స్నానం చేసి వస్తే పుచ్చుకుంటాడా? ఛాయకి తెలియలేదు. నీళ్ళు బిందెలోకి వంచుతుంటే కళ్ళు మసకబారాయి.

"పిల్లా," నడవాలోంచి జోగమ్మ పిలిచింది. "బావిలో పెళ్ళికి సరిపడా నీళ్ళున్నాయేటే?"

"పెళ్ళికి అక్కర్లేదు నాయనమ్మా," అంది ఛాయ, తాడు చుట్టుకుంటూ. "నీ పూజకి సరిపోతాయి."