అసిరయ్య ఆగిన చోట్లు

గవ్వలదీవి అడవిలో అది నాలుగో రోజు నడక. ముందు గైడు అసిరయ్య, కాళ్లకు కొత్త జోళ్లు. వెనక డాక్టర్ సునయన, చేతిలో టాబ్లెట్. ఎడమవైపు సముద్రం, కుడివైపు చెట్లు, మధ్యలో ఐదు రోజుల కాలిబాట. ముప్పై ఏళ్లుగా టూరిస్టులను ఈ బాటలో నడిపించి నడిపించి అసిరయ్య కుడి మోకాలు అరిగిపోయింది. ఇంకో సీజన్ నడిస్తే ఇక మంచమేనని ఆస్పత్రిలో చెప్పేశారు. అందుకే ఈ ప్రయోగం ఫలించాలని డాక్టరు కన్నా అతనికే ఎక్కువ ఆశ.

ప్రయోగం అర్థం కానిదేమీ కాదు. జోళ్ల అడుగున రెండు వందల సెన్సర్లున్నాయి. అసిరయ్య ఏ వేరు మీద కాలేశాడో, ఏ రాయిని తప్పించాడో అన్నీ రాసుకుంటాయి. రేపు అలాంటి జోళ్లు ఎవరు తొడుక్కున్నా, వాటిలోని చిన్న మోటార్లు ఆ పాదాన్ని అసిరయ్య అడుగులోనే దించుతాయి. ఇక గైడు వెంట ఉండక్కర్లేదు. వాటికి బాటజోళ్లు అని పేరు పెట్టింది సునయన.

కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర అసిరయ్య ఆగాడు. నీళ్ల రంగు చూశాడు. గుప్పెడు ఇసుక తీసి పిండాడు. మళ్లీ నీళ్లకేసి చూస్తూ నిలబడ్డాడు. ఇరవై నిమిషాలు గడిచాయి.

"కాలు నొప్పా?" అంది సునయన.

"నొప్పి ఎప్పుడూ ఉన్నదేనమ్మా. మొగ కుదురుగా ఉందో నేదో సూత్తన్నాను."

"జోళ్లకు అడుగులే కావాలి అసిరయ్య గారూ. మీరు ఆగిన చోట్లన్నీ తీసేస్తాను. అరపూట కలిసొస్తుంది."

ఏదో చెప్పబోయాడు అసిరయ్య. కానీ వాదించడానికి ఓపికుండాలి, ఉన్న ఓపికంతా మోకాలే తినేసింది. చదువుకున్న మనిషి, ఆమెకు తెలియదా అనుకుని, "అలాగేనమ్మా" అన్నాడు.

సీజన్ మొదలైంది. మిగతా గైడులు ఇక పని లేక మూటాముల్లె సర్దుకుని దీవి వదిలిపోయారు. అసిరయ్యకు బాట చివర కుర్చీ వేశారు, వచ్చినవాళ్ల దగ్గర జోళ్లు తీసుకోవడమే పని. వచ్చేవాళ్లంతా అచ్చం తనలాగే కుడికాలు ఈడుస్తూ వస్తుంటే అతనికి నవ్వూ సిగ్గూ కలిసి వచ్చేవి. అయినా ఆ ఆరు వారాలూ హాయిగా కూర్చున్నాడు.

తర్వాత రెండు రోజులు తుఫాను పట్టింది. మూడోనాటి పొద్దున రిజిస్టరు చూస్తే, ఒక జంట ఇంకా బాటలోనే ఉంది. ఫోన్లు కలవడం లేదు. తుఫాను వెళ్లాక మొగ ఎప్పుడూ ఉన్నచోట ఉండదు. ఎవరైనా వెళితే బాగుండుననుకుంటూ, ఎవరూ లేక, తానే లేచి కుంటుకుంటూ బయల్దేరాడు.

మొగ చేరి, ఎగువన చుట్టు తిరిగి కాలవ దాటి అవతలి ఒడ్డుకు వచ్చేసరికి ఆ భార్యాభర్తలు నీటి అంచుకు వచ్చేశారు.

"ఆగండి బాబూ! కింద ఊబి!"

భర్త తల తిప్పాడు గానీ కాళ్లు ఆగలేదు. "పర్లేదండీ. ఇవి గైడు అసిరయ్య గారి అడుగులు."

"ఆ అసిరయ్యని నానే బాబూ!"

అతను ఆ ముసలాయన్ను, బురదకొట్టుకున్న లుంగీని ఎగాదిగా చూసి నవ్వాడు. "ఆయన ఇక్కడ ఆగనే లేదు తాతా. నేరుగా దాటేశారు."

అసిరయ్యకు కోపం రాలేదు, భయం వేసింది. ఇక మాటలతో అయ్యే పని కాదని వాళ్లను దాటుకుని తానే నీళ్లలో దిగాడు. నాలుగో అడుగుకు నడుము దాకా కూరుకుపోయాడు. భార్య కెవ్వుమంది. జోళ్లు ముందుకే లాగుతుంటే ఇద్దరూ వెనక్కి కూలబడి, వాటిని ఊడబెరికి, బ్యాగు పట్టీ అందించారు. అసిరయ్యను ఎలాగో ఒడ్డుకు ఈడ్చారు. అతని మోకాలు గుమ్మడికాయంత వాచింది.

సాయంత్రానికి సునయన పడవలో వచ్చింది. జరిగింది విని అతని ఎదురుగా కూర్చుంది.

"తప్పు నాదే. మీరు ఆగిన చోట్లన్నీ మళ్లీ ఎక్కిస్తాను. కానీ తుఫాను వచ్చినప్పుడల్లా అవి మారిపోతాయా?"

"మారకేం సేత్తాయమ్మా."

"అంటే ప్రతి తుఫాను తర్వాతా ఎవరో ఒకరు మొదటి నుంచి నడిచి చూడాలి." ఎవరో ఒకరని అందే గాని, దీవిలో మిగిలిన గైడు ఒక్కడే. "ఏడాదికి ఎన్నొస్తాయి?"

"పదో పన్నెండో."

అసిరయ్య వాచిన కాలు మెల్లగా ఆమె ముందుకు చాపాడు.

"తొడగండమ్మా జోళ్లు. గైడుగా ఉన్నన్నాళ్లూ వానాకాలమైనా ఇంట్లో పడుకునేవోణ్ని."